పసిఫిక్‌లో పడిపోయిన పంద్రాగస్టు

ఓడ వెంకటేశప్ప ఏనాడూ అబద్ధం చెబుదామని నోరు తెరిచింది లేదు. తెరిచేది నిజం చెప్పడానికే. కాకపోతే ఆ నిజం బయటికొచ్చి నలుగురి మొహాలూ చూసేసరికి దానికి హుషారు పుట్టి గంతులేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి వెంకటేశప్ప కూడా వెనకే పరుగెత్తాల్సి వస్తుంది. అంతే. ఇందులో ఆయన తప్పేముంది?

రెండువేల నాలుగు, ఆగస్టు పద్నాలుగు, శనివారం సాయంత్రం. వాన అప్పుడే వెలిసింది. కుందలహళ్ళిలో కంపెనీల వెనక వీధిలో వెంకటేశప్ప, ఆయన భార్య సరోజమ్మ నడిపే టీ అంగడి ముందు జనం చేరారు. ఆ వీధిలో బాడుగ ఇళ్ళన్నీ చిక్కమునియప్పవి. ఒకప్పుడు ఆయన రాగులు పండించిన చేలోనే ఇప్పుడు నాలుగంతస్తులు లేచి, ప్రతి కిటికీకీ ఒక సాఫ్ట్‌వేరు పిల్లో పిల్లాడో మొలిచారు. ఈసారి వీధికి సొంత జెండా ఉండాలని చిక్కమునియప్పకు బుద్ధి పుట్టింది. బోరుకు తెప్పించిన పైపుల్లో ఒకటి మిగిలితే దానికి వెండిరంగు కొట్టించి, సరిగ్గా టీ అంగడికి ఎదురుగా పాతించాడు.

స్తంభం నిలబడింది, తాడు వేలాడింది, లాగేవాడే లేడు. వస్తానన్న పెద్దమనిషి ఒకాయన పొద్దున్నే రాలేనని కబురు పంపాడు. చిక్కమునియప్పకేమో మెడెత్తి పైకి చూస్తే కళ్ళు తిరుగుతాయి.

వెంకటేశప్పకు మాత్రం ఆ పైపు పాతిన రోజునుంచీ చూపంతా దాని తాడు మీదే. ఆయనది పాత ఊళ్ళో బళేపేట బజారులో గాజుల వ్యాపారం చేసే పాత తెలుగు కుటుంబం. అంగట్లో కూర్చోలేక ఓడెక్కి వంటమనిషైపోయాడు, కొన్నేళ్ళు సముద్రాలు తిరిగి, వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టాడు. ఆ తాడు ఒక్కసారి లాగాలని ఆయనకు ఎంత ఆశో చెప్పలేం. అలాగని నోరు తెరిచి అడిగితే ఓడ వెంకటేశప్ప మర్యాద ఏంగాను? అడక్కుండానే ఇవ్వాలి. ఎలా ఇస్తారా అని ఆలోచిస్తూ టీ వడగడుతుంటే, దారి స్టాన్లీ నోట్లోంచి వచ్చింది.

స్టాన్లీది బాపట్ల. పై అంతస్తులో ఉంటాడు. "పోయినేడాది ఈ టైముకి నేను డెన్మార్క్‌లో ఉన్నా బాబాయ్, ఆన్‌సైట్" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "ఆగస్టు పదిహేనంటే అక్కడ ఎవడిక్కావాలి, మామూలు వర్కింగ్ డే. నేనే లంచ్‌లో సీట్లోంచి లేచి, అటెన్షన్‌లో నిలబడి, జాతీయగీతం మనసులో పాడుకున్నా. పక్కసీటోడు చూసి, పాపం నడుం పట్టేసిందేమో అనుకుని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు."

అందరూ నవ్వారు. పక్కింటి వరూధిని విమానం టికెట్ల కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆమె అందుకుంది. "నాదింకా ఘోరం. అట్లాంటాలో మనవాళ్ళు పండగని వీకెండ్‌కి వాయిదా వేశారు. ఆగస్టు పదిహేనుని పద్దెనిమిదో తారీకున చేసుకున్నాం, పార్కింగ్‌లో కార్ల మధ్య."

వెంకటేశప్ప వడగిన్నె కింద పెట్టాడు.

"మీరు పుణ్యం చేసుకున్నోళ్ళమ్మా" అన్నాడు మెల్లగా. "వాయిదా వేసుకునేదానికి మీకొక తారీకన్నా ఉండె. నాకు ఆ సంవత్సరం తారీకే లేకపాయ."

"ఏ సంవత్సరం అంకుల్?" అంది వరూధిని.

"తొంభై ఏడు. దేశానికి యాభై ఏండ్లు నిండిన సంవత్సరమే! ఊరూరా తోరణాలు, దీపాలు, నేనేమో అమెరికాలో గోధుమలెక్కించుకొని జపానుకు పోయే ఓడలో. పసిఫిక్ నడిమధ్యన ఉండాము. ఓడలో ఫిలిప్పీనోళ్ళుండారు, ఉక్రెయినోళ్ళుండారు, కెప్టెనేమో గ్రీకాయన, ఇండియావాణ్ణి నేనొక్కణ్ణే. రేపు పంద్రాగస్టు కదా అని పద్నాలుగో తారీకు రాత్రి సంబరంగా పడుకున్నా. తెల్లారి లేచి క్యాలెండర్ చూస్తే ఎంతుండాదో తెలుసా? పదహారు!"

చిక్కమునియప్ప మూతి తిప్పాడు. "తాగి పడుంటావప్పా. నడుమ ఒక దినం నిద్రలో పోయుంటాది."

"అన్నా, సరోజ మీద ఒట్టు!"

"నా మీద ఎందుకు ఒట్టు, గోధుమల మీద పెట్టుకో" అంది సరోజమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

బళేపేటలో అన్నదమ్ములకు చెప్పినప్పుడూ ఇంతే జరిగింది. ఆయన చెప్పినవాటన్నిట్లోకీ పచ్చి నిజం ఇదొక్కటే, నమ్మినవాడు మాత్రం ఒక్కడూ లేడు. వెంకటేశప్ప నిట్టూర్చి మళ్ళీ వడగిన్నె పట్టుకోబోయాడు. అప్పుడు వరూధిని చెయ్యెత్తింది.

"కాదండీ, అది నిజమే. పసిఫిక్ మధ్యలో డేట్‌లైన్ అని ఒక గీత ఉంటుంది. అమెరికా వైపు నుంచి ఇటు దాటితే ఒక రోజు ఎగిరిపోతుంది. ఆ గీత వల్లే మా ప్రోగ్రాం నెలకోసారి పడుకుంటుంది. ఇటునుంచి అటు దాటితే అయిపోయిన రోజు మళ్ళీ వస్తుంది."

జనమంతా వెంకటేశప్ప వైపు కొత్తగా చూశారు. చిక్కమునియప్ప అయితే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇంజనీరు సాక్ష్యం చెప్పింది! కథ అక్కడే ఆపి ఉంటే ఆయన మర్యాద పదికాలాలు నిలిచేది. కానీ వరూధిని చివర అన్న ముక్క ఆయన చెవిలో దూరి గింగిరాలు తిరుగుతోంది. అయిపోయిన రోజు మళ్ళీ వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు.

"ఆఁ! నేను చెప్పబోయింది అదేనమ్మా" అన్నాడు. "మళ్ళీ వస్తాది. వస్తాదని నాకు తెలుసు, కెప్టెనుకు తెలుసు, కాని తెప్పించేదెవరు? నేనేం చేసినానో తెలుసా? వంటింటికి తాళమేసి, తాళంచెవి మొలతాటికి కట్టుకున్నా. ఆగస్టు పదిహైదు తెచ్చిస్తేగాని అన్నం లేదన్నా. ఒక పూట ఓర్చుకున్నారు. రెండో పూటకు ఉక్రెయిన్ ఇంజనీరు గోధుమలు పచ్చివి నముల్తాండాడు. మూడో పూటకు కెప్టెనే దిగొచ్చినాడు. ఆయన పేరు స్తావ్రోస్. నేను స్తావరప్పా అంటే పలికేవాడు. 'ఏమయ్యా నీ బాధ' అన్నాడు. 'స్తావరప్పా, మా దేశం పండుగ నీ ఓడలో పోయింది, నువ్వే వెతికియ్యల్ల' అన్నా. 'నేను యాడ వెతికేది?' అన్నాడు. 'యాడికి పోతాది, దారిలోనే పడిపోయుంటాది, ఓడ వెనక్కి తిప్పు' అన్నా."

"గ్రీకాయన తెలుగులో మాట్లాడాడా బాబాయ్?" అన్నాడు స్టాన్లీ.

"నా చేతి సాంబారు మూడు నెలలు తిన్నోడెవడైనా తెలుగు మాట్లాడతాడప్పా. నడుమ అడ్డం రావద్దు."

"తిప్పినాడా?" అన్నాడు చిక్కమునియప్ప.

"తిప్పకేం చేస్తాడన్నా, ఆకలి! ఈడనుంచి పక్కూరు హూడి దాకా ఉండే ఓడ, మలుపు తిరిగేసరికి సముద్రం ఒకపక్కకు ఒరిగిపోయి జపానులో అలలు తగ్గినాయంట. పోయి పోయి ఆ గీత దగ్గర నిలబెట్టినాం. మీరు నమ్మరు, గీత కంటికి కనపడతాది. ముగ్గుపిండితో గీసినట్ల తెల్లగా ఉంటాది. చేపలు ఆడిదాకా వచ్చి, ఇటూ అటూ చూసి, వెనక్కి పోతాయి. రేపటిలోకి పోయేదానికి వాటికి భయం. సరిగ్గా గీత మీద ఓడ ఆగింది. ఆగితే ఏమైంది చెప్పండి? ముందుండే నా వంటిల్లు పదిహైదో తారీకులో ఉండాది, వెనకుండే కెప్టెను గది పదహారులో ఉండాది! పొద్దున నేను పొగలుకక్కే ఇడ్లీలు చేసి పంపితే, ఆయన బల్ల మీదికి పోయేసరికి అవి నిన్నటి ఇడ్లీలు. 'పాసినవి పెడతావా' అని ఆయన గలాటా. గడ్డం గీసుకొని ఇటునుంచి అటు నడిస్తే, నడిచినంతలో ఒకరోజు గడ్డం పెరుగుతాది. అదే అటునుంచి ఇటొస్తే నున్నగా అయిపోతాది. ఫిలిప్పీనోళ్ళు ఇద్దరు ఈ కొసన కొట్లాడుకొని ఆ కొసకు పోయినారు, పోతానే 'నిన్నటి మాటలు మనకెందుకులేరా' అని కౌగిలించుకున్నారు!"

రోడ్డు మీద పోయేవాళ్ళు బైకులు ఆపారు. సరోజమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీదికెక్కించింది. భర్త గొంతు ఆ స్థాయికి లేచిందంటే ఎన్ని టీలు పోతాయో ఆమెకు తెలుసు. వెంకటేశప్పకు కాళ్ళు నేలకు ఆనడం లేదు. తర్వాతి మాట ఏమిటో ఆయనకే తెలియదు. తెలియకపోవడంలోనే ఉంది ఆ మజా అంతా. నోరు ముందు పోతుంది, ఆయన కూడా మిగతావాళ్ళతో కలిసి ఆశ్చర్యంగా వింటాడు.

"తారీకు దొరికింది సరే, జెండా యాడిది?" అని తనే అడిగాడు. "కుట్టినాం! కాషాయానికి లైఫ్ జాకెట్లన్నీ విప్పినాం. తెలుపుకు ఓడలో ఉండే దుప్పట్లన్నీ. పచ్చకు గోధుమల మీద కప్పిన టార్పాలిన్. చక్రం గీసేదానికి అంత పెద్ద కంచం యాడ దొరుకుతాది? ఓడ చుక్కాని చక్రమే ఊడబెరికి, బట్ట మీద పెట్టి చుట్టూ నీలం గీసినాం. జెండా ఎంతైందంటే, బళేపేట ఈ మొదట్నుంచి ఆ చివరిదాకా పరిస్తే ఇంకా మిగిలి మెజెస్టిక్ బస్టాండులో బస్సుల మీద వేలాడతాది."

"చుక్కాని ఊడదీస్తే మరి ఓడ నడిచిందెలా అంకుల్?" అంది వరూధిని. ప్రోగ్రాములు రాసే పిల్ల, తప్పెక్కడుందో చటుక్కున పట్టేస్తుంది.

వెంకటేశప్ప టీని ఒకసారి తిరగబోశాడు. ఒక్కటంటే ఒక్కసారి.

"అదే కదమ్మా చెప్తాండాను. జెండానే నడిపింది! నేను తాడు లాగినా, పైన విచ్చుకునింది, గాలి దూరింది, ఓడ రయ్యిమని పరుగు. ఇంజను ఆపేసినాం. అయితే వచ్చిన చిక్కేమంటే, గాలికి గీత దాటి మళ్ళీ పదహారులో పడినాం. పండుగ అయిపాయ! స్తావరప్పకు కూడా అప్పటికి పిచ్చి పట్టింది. 'వెంకటేశూ, ఇంకొకసారి చేద్దాం' అన్నాడు. తిప్పినాం, మళ్ళీ పదిహైదు. దించినాం, మడిచినాం, మళ్ళీ ఎగరేసినాం. గాలి, మళ్ళీ పదహారు. తిప్పు, మళ్ళీ పదిహైదు. అట్ల ఎన్నిసార్లు ఎగరేసినానో తెలుసా? పదిహైదుసార్లు!"

"పదిహేనే ఎందుకు, ఇరవై చెయ్యొచ్చుగా?" అన్నాడు స్టాన్లీ.

"ఆగస్టు పదిహైదు కదప్పా, పదిహైదుతో ఆపితేనే మర్యాద."

స్టాన్లీ టీ పొలమారి దగ్గాడు. వీపు మీద ఎవరో చరిచారు.

"ఏడోసారి ఎగరేసేటప్పుడు తిమింగలాలు వచ్చినాయి. ఎన్నని చెప్పేది, కంటికి ఆనినంత దూరం. వరసగా నిలబడినాయి, ఒకదాని తోక ఇంకొకదానికి తగలకుండా. నేను 'సావధాన్' అన్నా. అంతే, తోకలన్నీ నిటారుగా పైకి లేచినాయి! ఒక పిల్ల తిమింగలం ఉండాది, దానికి తిక్క, ఊరికే నీళ్ళు చిమ్ముతాండాది. వాళ్ళమ్మ దాని నెత్తిన తోకతో ఒకటి మొట్టింది. జాతీయగీతం అయిపోయిందాకా సముద్రంలో చప్పుడు లేదు. నా మాట నమ్మల్ల, అల కూడా పైకి లేసింది లేసినట్లనే నిలబడి, గీతం అయినాక కిందికి దిగింది."

వరూధిని కళ్ళు తుడుచుకుంటోంది. "పిల్ల తిమింగలం అయ్యో పాపం" అంది.

"పన్నెండోసారికి అమెరికా యుద్ధనౌక వచ్చింది. గడబిడ ఏందని చూసేదానికి. సంగతి తెలిసినాక ఆ కమాండరు నన్ను పక్కకు పిలిచి, 'సార్, మాకు జులై నాలుగు వానలో తడిసి చెడిపోయింది, కొంచెం వెనక్కి పోయి అది కూడా తెచ్చిపెడతారా' అని అడిగినాడు. 'అంత వెనక్కి పోయేదానికి డీజిలు చాలదు నాయనా, ముందే చెప్పింటే చూసేవాణ్ణి' అన్నా. పాపం ఏడుపు మొహంతో పోయినాడు."

"అట్లయితే పదిహైదోసారికి ఏమైందప్పా?" చిక్కమునియప్ప గొంతులో నిజంగానే ఆత్రం.

"సూర్యుడు ఆగినాడన్నా!" వెంకటేశప్ప రెండు చేతులూ ఎత్తాడు. "ఉదయించేదా, అస్తమించేదా, ఏ తారీకులో ఉండాను అని ఆయప్పకు తలతిరిగిపోయింది. సముద్రం అంచున గడ్డం ఆనించి నా వైపు చూస్తాండాడు. 'ఒక్క నిమిషం ఉండు సామీ, ఇదే కడపటిది' అని నేను చెయ్యి చూపించినా. ఉండినాడు. జెండా విచ్చుకునింది. అప్పుడు పైకొచ్చినాడు. ఆ దినాలన్నీ నా వయసులో కలపలేదు కాబట్టే, చూడండి, నా జుట్టు ఈపొద్దుటికీ నల్లగా ఉండాది."

"పోయిన బేస్తవారమే రంగేసినా" అంది సరోజమ్మ.

నవ్వుల్లో ఆ మాట సగంమందికి వినబడలేదు. చిక్కమునియప్ప కండువాతో మొహం తుడుచుకుని, తొడ మీద చరుచుకుని లేచాడు. "ఇంకెవరప్పా వీధికి? పదిహైదుసార్లు ఎగరేసినోడు ఎదురుగా ఉండంగా మనకు పెద్దమనుషులతో ఏం పని? రేపు తాడు నీదే వెంకటేశా!"

చప్పట్లు. వెంకటేశప్ప చొక్కా సర్దుకున్నాడు. అడగలేదు! అడక్కుండానే ఇచ్చారు! ఏదో వినయంగా అనాలని నోరు తెరిచాడు.

"వెంకటేశప్పా."

కెంపమ్మ పిలిచింది. అంగడి పక్కనే గోడకానుకుని పూలమ్ముకునే మనిషి. ఇందాకటినుంచి వింటూనే, రేపు జెండాలో పెట్టడానికి బంతిపూల రెక్కలు తెంపి పేపరు మీద పోస్తోంది.

"ఏమక్కా?"

"పదిహైదుసార్లూ నువ్వే లాగినావా? ఒక్కసారన్నా ఇంకొకరికి ఇయ్యలేదా?"

"ఎట్లిస్తానక్కా, ఇండియావాణ్ణి నేనొక్కణ్ణే కదా! అన్నీ నేనే."

"అట్లయితే నీకు ఆశ తీరిపోయుంటాదిలే" అంది కెంపమ్మ, ఇంకో పువ్వు చేతిలోకి తీసుకుంటూ. "నాకైతే ఒక్కసారీ లేదప్పా. ఈ చుట్టుపక్కల ఇస్కూళ్ళకు, కంపెనీ గేట్లకు జెండాలో పెట్టే పూలరెక్కలు ఏటా నేనే ఇచ్చేది. ఇచ్చేసి మార్కెట్టుకు పరిగెత్తల్ల. పైన ముడి విప్పినప్పుడు అవి ఎట్ల రాలతాయో కూడా నేను చూసిందిల్యా. నీకు పదిహైదైనాయి కదా, రేపటిది నాకిస్తావా?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. పక్కవాడి ఆకులో రెండు వడలుంటే ఒకటి అడిగినంత మామూలుగా అడిగింది.

జనం తలలన్నీ ఒక్కసారి వెంకటేశప్ప వైపు తిరిగాయి.

"పాయింటే బాబాయ్" అన్నాడు స్టాన్లీ.

వెంకటేశప్ప గుడ్డ తీసుకుని బల్ల తుడవసాగాడు. "అదికాదక్కా... పదిహైదంటే... గట్టిగా పదిహైదని కాదు. సముద్రంలో లెక్క సరిగ్గా ఉండదు. పది అనుకో."

"అయ్యో, పదంటే అమెరికా నౌక లేదా మరి?" అన్నాడు స్టాన్లీ. "అది పన్నెండోసారి కదా వచ్చింది?"

"సూర్యుడూ పోయినాడు" అన్నాడు చిక్కమునియప్ప దిగులుగా.

"పోనీలెండప్పా, వాళ్ళు లేకున్నా ఏమీ కాదు. తగ్గేది నా లెక్క, మీకెందుకు?" అని కెంపమ్మ వైపు చూశాడు. ఆమె రెక్కలు తెంపుతూనే ఉంది. పదైనా ఆమెకన్నా ఎక్కువే. "సరే, అయిదు. అయిదే అనుకో."

"అంకుల్!" వరూధిని దాదాపు అరిచింది. "ఏడో సారి కదా తిమింగలాలు! ప్లీజ్, పిల్ల తిమింగలాన్ని తీసెయ్యకండి!"

"మూడు" అన్నాడు వెంకటేశప్ప, గొంతు తగ్గించి. ఆ తర్వాత ఇంకా తగ్గించి, "ఒకటి."

"ఒకటంటే ఒకటే కదప్పా" అంది కెంపమ్మ. "నాది సున్న."

ఇంకొక్క మెట్టు మిగిలింది. అది దిగితే ఇద్దరూ సమానం. అప్పుడు చిక్కమునియప్ప ఇచ్చిన మాట చెల్లుతుంది, తాడు తనదే అవుతుంది. దిగడం కూడా కష్టమేమీ కాదు. ఆ మెట్టు కింద ఉన్నది నిజమే కాబట్టి.

ఆ నిజం వెంకటేశప్పకు కళ్ళముందు కనబడింది. పద్నాలుగు సాయంత్రమే క్యారెట్లు తురిమిపెట్టుకున్నాడు, కొత్తిమీర కడిగిపెట్టుకున్నాడు, మూడు రంగుల అన్నం వండుదామని. పొద్దున లేచేసరికి గోడ మీద పదహారు. వంటింట్లో పెద్ద వంటవాడు నవ్వి, ఈ దారిలో ఇది మామూలేలే అన్నాడు. అయినా వండాడు. బల్ల మీద పెట్టాడు. అందరూ తిన్నారు, ఒకతను కెచప్ ఉందా అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి ఆ రోజు ఏమీ లేదు మరి. వెంకటేశప్ప తన కంచం తీసుకుని వెనక డెక్కు మీదికి పోయి, నీళ్ళ వైపు తిరిగి నిలబడి తిన్నాడు. ఓడ పోతూనే ఉంది. వెనక్కి తిప్పమని అడగాలన్న ఆలోచన కూడా ఆనాడు రాలేదు.

ఆ కంచం తెచ్చి ఈ నవ్వే మొహాల ముందు పెట్టాలి. పెడితే తాడు వస్తుంది.

ఆయన స్టాన్లీని చూశాడు, పిల్ల తిమింగలం కోసం బిక్కమొహం వేసిన వరూధినిని చూశాడు, సూర్యుణ్ణి పోగొట్టుకున్న చిక్కమునియప్పను చూశాడు. టీ బల్ల మీద దబ్బున చరిచాడు.

"పదిహైదే!" అన్నాడు. "పదిహైదంటే పదిహైదు! ఒకటి కూడా తగ్గించను. తిమింగలం అట్లనే ఉంటాది, అమెరికావోడు అట్లనే ఉంటాడు. నాకు తీరిపోయింది కెంపక్కా, విసుగొచ్చేసింది తాడు లాగి లాగి. రేపు నువ్వే లాగు."

వీధి వీధంతా ఈలలు. స్టాన్లీ ఎగిరి ఆయన్ని వాటేసుకున్నాడు. ఆ సందడిలో సరోజమ్మ వచ్చి, అడక్కుండానే భర్త ముందు ఒక గ్లాసు టీ పెట్టి, భుజం మీద రెండు వేళ్ళు ఆనించి పోయింది. ఆ పదహారో తారీకు కంచం సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

మర్నాడు పొద్దున కెంపమ్మ తలంటుకుని, మడత నలగని చీరె కట్టుకుని వచ్చింది. మార్కెట్టుకు పోలేదు. జనం చూస్తుండగా తాడు పట్టుకుంది, లాగింది. ముడి కదల్లేదు. ఇంకోసారి లాగింది. పైన జెండా ఒక్కసారిగా విచ్చుకుని, బంతిరెక్కలన్నీ గుప్పున రాలాయి, ఆమె నెత్తిమీద, భుజాల మీద, పైకెత్తిన మొహం మీద. జాతీయగీతం మొదలైనా ఆమె తాడు వదల్లేదు. నోరు కొంచెం తెరిచి అలాగే పైకి చూస్తూ నిలబడింది.

వెనక వరసలో వెంకటేశప్ప అప్పటికే కొత్తగా బాడుగకు దిగిన ఒకతని చెవిలో మొదలుపెట్టాడు. "ముడి వేసేదాంట్లో ఒక సూక్ష్మం ఉండాదప్పా. ఆ సూక్ష్మం ఆమెకు నేర్పించింది నేనే. నాకు నేర్పింది ఎవరో తెలుసా? గ్రీకు దేశంలో..."

గీతం అయిపోయింది. మిఠాయి పళ్ళెం తిరుగుతోంది. కెంపమ్మ జనాన్ని తప్పించుకుంటూ నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది. జుట్టులో రెక్కలు అలాగే ఉన్నాయి. చేతులు చాచి చూపించింది. రెండూ సన్నగా వణుకుతున్నాయి.

"చూడు వెంకటేశప్పా, ఇంకా నిలబడల్యా" అంది. "ఒక్కసారి లాగినదానికే నాకు గుండె ఇట్ల కొట్టుకుంటాంది. నడిసముద్రంలో, ఒక్కడివే, పదిహైదుసార్లు! ఎట్ల తట్టుకున్నావప్పా?"

కళ్ళు పెద్దవి చేసుకుని జవాబు కోసం చూసింది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. స్టాన్లీ, వరూధిని, కొత్త బాడుగాయన, చిక్కమునియప్ప, అందరూ చూస్తున్నారు.

వెంకటేశప్ప నోరు తెరిచాడు. వెనక పరుగెత్తి పట్టుకుందామంటే ఈసారి ముందు ఏ మాటా గంతులేయలేదు. అప్పుడే పళ్ళెం ఆయన ముందుకొచ్చింది. చటుక్కున రెండు బూందీ లడ్లు తీసుకుని, రెండూ ఒకేసారి నోట్లో కుక్కుకుని, నోరు నిండుగా ఉంది, ఇప్పుడు మాట్లాడలేను అన్నట్టు చేత్తో సైగ చేశాడు.